ప్లగ్గులో పుల్ల

“సాయంత్రానికి గాలిదుమారం లేస్తదేమో బిడ్డా. గా మెషీన్ ప్లగ్గు ఇప్పుడే పీకెయ్. పిడుగు పడితే దానెంబడి ఇల్లు గూడ పోతది.”

నేనీ మాట అన్నప్పుడు ఆకాశంలో చేటంత మబ్బు లేదు. శామీర్‌పేట చెరువు మీద ఎండ తళతళలాడుతోంది. చెట్టు మీద ఆకు కదలడం లేదు. అయినా అన్నాను. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడెంచే దగ్గరే కూలబడి, మేలు సంగతి మరిచిపోతానని మా ఆయన ఓదెలు ఎప్పుడూ ఎత్తిపొడుస్తాడు.

మా బిడ్డ రోజారాణి లాప్‌టాప్ మీద నుంచి తల ఎత్తలేదు. “పీకితే కొంచెం సేపటికి బ్యాటరీ అయిపోతది, దాని పరీక్ష ఆగుతదమ్మా. మబ్బు రానీ, గప్పుడు సూద్దాం.”

“వచ్చినంక సూసుడేంది? పిడుగు నిన్నడిగి పడ్తదా?”

“నన్నడగది. నిన్నడుగుతదేమో, రోజూ దానితోనే ముచ్చట పెడుతవు.”

మంచం మీద పడుకున్న మా అత్త ఈదమ్మ కిసుక్కున నవ్వింది. ఆమె ఎప్పుడూ మనవరాలి పక్షమే.

పరీక్షించడానికి రోజా ఇంటికి తెచ్చిన ఆ మెషీన్ ఆ ఎండాకాలమంతా మా ముందరి గదిలో కిటికీ పక్కన ఉండేది. ఆస్పత్రిలో రోగికి సెలైన్‌లో కలిపిన మందును కొలతగా ఎక్కించే డబ్బా అది. పైన ఒక సీసా, కింద ఒక సీసా, మధ్యలో సన్నటి గొట్టం. డబ్బాలో చిన్న చక్రం గొట్టాన్ని నొక్కుకుంటూ తిరిగితే నీళ్లు చుక్క చుక్కగా కింది సీసాలో పడేవి. ఎంత పోయిందో ముందు అద్దంలో అంకెలు కనబడేవి. మేడ్చల్ దగ్గర రోజా పనిచేసే కంపెనీలోనే దాన్ని తయారు చేస్తారు. అందులో నడిచే కెర్నల్‌లో మోటారునూ బ్యాటరీనీ చూసుకునే భాగం మా బిడ్డ రాసింది.

కెర్నల్ అంటే ఏందని నేనొకసారి అడిగాను. “మెషీన్‌ల అన్నిటికన్న అడుగున నడిచే సాఫ్ట్‌వేరమ్మా. పైన నీకు కనబడేదంత దాని మీదనే నిలబడ్తది. పైనోడు పడితే కిందోడు లేపుతడు. కిందోడే పడితే లేపనీకె ఎవడుండడు” అంది. ఏడో తరగతితో బడి మానిన నాకు అంతమటుకు అర్థమైంది. అర్థమైన కొద్దీ భయం ఇంకాస్త పెరిగింది.

ఆ మధ్యాహ్నం రోజా ఏదో వైరు కావాలని స్కూటీ మీద మేడ్చల్ పోయింది. ఆమె అటు పోయిందో లేదో, ఇటు పడమర నల్లబడింది. చూస్తుండగానే దుమ్ము లేచింది. కిటికీ తలుపులు టపటపా కొట్టుకున్నాయి. రేకుల మీద రాయి పడ్డట్టు ఉరిమింది. నేను ఉరికాను.

మా ఇంట్లో గోడకున్న సాకెట్టు పాతది. రంధ్రాలు వదులై ప్లగ్గు నిలవదు. అగ్గిపుల్ల ఒకటి విరిచి పక్కన దోపితే గాని బిగుసుకోదు. మా వాడకట్టులో పుల్ల దోపని ఇల్లు ఉంటే చూపించండి. ఆ పుల్ల ఒకవైపు, వణికే నా చెయ్యి ఒకవైపు. ప్లగ్గు లాగితే రాలేదు. ఊపాను. చిటుక్కుమని నిప్పురవ్వ లేచింది. బెదిరి మళ్లీ లోపలికి నెట్టాను. మళ్లీ ఉరిమింది, ఈసారి రెండు చేతులతో పట్టి పీకాను. పీకి, పక్కకు జరిగి, మెషీన్ కేసి చూశాను.

బ్యాటరీ మీద నడుస్తోంది. పచ్చ లైటు వెలుగుతోంది. అద్దంలో అంకెలు ఒకటొకటిగా పెరుగుతున్నాయి. కాని చుక్క పడటం లేదు.

గొట్టం దగ్గర ముఖం పెట్టి చూశాను. చక్రం నిలిచిపోయి ఉంది. మందు పోతోందని అంకెలు చెప్తున్నాయి, సీసా మాత్రం పోవడం లేదంటోంది. చెడగొట్టేశాననుకున్నాను. వేరే వాళ్ల డబ్బా, కంపెనీ డబ్బా.

రోజా దుమ్ము కొట్టుకుని వచ్చేసరికి నేను మెషీన్ పక్కనే కూర్చుని ఉన్నాను. “చెడిపోయింది బిడ్డా. నేనే పీకిన. కాని పీకుడుకే గిట్ల అయితదా?” అన్నాను.

తిడుతుందనుకున్నాను. మోకాళ్ల మీద కూర్చుని, చక్రం చూసి, అంకెలు చూసి, మళ్లీ చక్రం చూసింది. కాసేపటికి నా చెయ్యి పట్టుకుంది.

“అమ్మా, ఏం జేసినవో మొదటి నుంచి చెప్పు. నిమ్మళంగ. ఏదీ ఇడువకు.”

*

ఆ మరునాటి నుంచి మా ఇంట్లో కొత్త ఆట మొదలైంది. “పీకమ్మా” అంటుంది, పీకుతాను. “పెట్టమ్మా” అంటుంది, పెడతాను. చుక్క పడుతూనే ఉంటుంది. నిన్న చెడిపోయిన మెషీన్ ఈరోజు వద్దన్నా చెడిపోదు.

“ఒక్కసారి వచ్చిన తప్పును మల్ల రప్పియ్యాలె అమ్మా” అంది రోజా. “రప్పియ్యకుంట బాగుచేసిన అంటే, నిజంగ బాగైందో, ఊకెనే దాక్కుందో ఎట్ల తెలుస్తది? నువ్వు నిన్నటి తీర్గ పీకుతలేవు. నువ్వు భయపడ్తలేవు.”

“భయపడుమంటే ఎట్ల పడ్తనే?”

వలకు పడ్డ చిరుగులు కుట్టుకుంటున్న ఓదెలు అరుగు మీద నుంచి అందుకున్నాడు. “జిందగీ అంత ఊకెనే భయపడ్తివి. తీరా అక్కరకొచ్చిన నాడు రాదాయె.”

ఆ మాటకు రోజా కూడా నవ్వింది. నవ్వుతూనే సాకెట్టు వైపు చూసి ఆగిపోయింది. వంగి ఆ పుల్లను వేలితో కదిపింది. ప్లగ్గు లోపల చిటచిటమంది.

“గిదా” అంది మెల్లగా.

ప్లగ్గు ఒక్కసారిగా పీకితే మెషీన్‌కు ఏమీ కాదు. బ్యాటరీ అందుకుంటుంది. కాని వదులు సాకెట్లో నా చెయ్యి వణికినప్పుడు కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. మొదటిది సర్దుకునేలోపే రెండోది వచ్చి పడింది. కంపెనీలో కరెంటు పోతే ఇన్వర్టరు అందుకుంటుంది. అక్కడ అందరూ స్విచ్ వేసి తీసి చూశారే తప్ప, పుల్ల దోపిన సాకెట్టును ఎవరూ తలచుకోలేదు.

రోజా ఏవో చిన్న ముక్కలు తెచ్చి, కరెంటును టకటకా తీసి వేసే సాధనం ఒకటి కట్టింది. దానికి మెషీన్‌ను తగిలించి కూర్చుంది. తెచ్చిన చాయ్ తాగకముందే చుక్క ఆగింది. ఆమె చేతులు పైకెత్తి నవ్వింది.

“చెడిపోతే సంబురమేందే?”

“దొరికింది గదమ్మా. ఇగ ఇది యాడికి పోదు.”

దొరికినా లోపల ఎక్కడుందో వెతకడానికి మరి కొన్ని రోజులు పట్టింది. ఎక్కడ ఆగుతోందో చూద్దామని రాతల మధ్య గుర్తులు పెడితే తప్పు రాదు. గుర్తులు తీసేస్తే వస్తుంది. గుర్తు రాసే ఆ కాస్త ఆలస్యానికే అది తప్పించుకునేదట. కడకు ఎట్లాగో పట్టుకుని, ఒక మధ్యాహ్నం నాకు చెప్పింది.

“మేడ్చల్‌ల రైలు పట్టాల కింద ఇరుకు తొవ్వ లేదా? రెండు లారీలు ఎదురెదురు వచ్చి, నువ్వు వెనక్కి తీ అంటే నువ్వు తీ అని నిలబడ్తయి సూడు. గట్ల. మోటారును సూసేది ఒక తాళం పట్టుకొని బ్యాటరీ తాళం కోసం నిలబడ్డది. బ్యాటరీని సూసేది దాని తాళం పట్టుకొని మోటారు తాళం కోసం నిలబడ్డది. ఇగ రెండూ కదలయి. అంకెలు సూపెట్టేటోనికి గీ సంగతే తెల్వదు, వాడు లెక్క పెడ్తనే ఉంటడు.”

“మరి కావలి గివలి ఏమి లేదా దానికి?”

“ఉన్నది. బువ్వ ఆగిపోతే మొరిగే కుక్కసొంటిది. కాని దానికి బువ్వ పెట్టేటోడు వేరేటోడు. వాడు మంచిగనే ఉన్నడు. అందుకే మొరగలే.”

నేను సీసా వంక చూశాను. మంచం మీద మనిషి పడుకుని, మందు పోతోందని ఇంటిల్లిపాదీ ధైర్యంగా కూర్చుని ఉంటే.

“గది నువ్వు రాసిందేనా?” అని అడిగాను.

“నేను రాసిందే” అంది. తల దించుకోలేదు. “అందుకే నేనే తియ్యాలె.”

*

తీయడానికి రాసింది కొన్ని వరుసలేనట. ఎవరైనా సరే ముందు ఈ తాళం, ఆ తర్వాతే ఆ తాళం పట్టుకోవాలని ఒక్కటే క్రమం పెట్టింది. పక్కనే ఏదో వంకరగా కనబడినా ముట్టుకోలేదు. “ఒక మార్పు ఒక్క పనే జెయ్యాలె. రెండు కలిపితే, రేపు ఏదన్న అయితే ఏది కారణమో తెల్వది” అంది.

రాసినదాన్ని బహదూర్‌పల్లిలో ఉండే శ్రీలేఖకు పంపింది. ఆమెదీ అదే కంపెనీ, రోజాకన్నా పెద్దది. ఒకరు రాసింది ఇంకొకరు చదవకుండా లోపలికి పోనివ్వరట. మరునాడు ఫోను వచ్చింది. స్పీకరులో పెట్టింది రోజా.

“క్రమం బాగుంది రోజా. కానీ మధ్యలో బ్యాటరీ జవాబు ఇవ్వకపోతే వెనక్కి వచ్చేస్తున్నావు చూడు, అక్కడ తాళం తీయకుండానే వచ్చేస్తున్నావు. మళ్లీ అదే గతి.”

రోజా తెర మీద వెతికి, నాలుక కరుచుకుంది. “అవునక్కా. నేను సూసుకోలే. మంచిగ పట్టినవ్.”

ఫోను పెట్టాక నాకు కోపమొచ్చింది. “గా పిల్ల నిన్ను తప్పు పట్టుడేంది? నువ్వు థాంక్స్ చెప్పుడేంది?”

“నన్ను పట్టలేదమ్మా, నా రాతను పట్టింది. ఆమె సూడకపోతే రోగం తీసి రోగం పెడ్తుంటి.”

మళ్లీ రాసింది. అడుగున మూడు పేర్లకు చోటు పెట్టింది. రాసింది రోజారాణి, ఆ పేరు మాత్రం పరీక్షలన్నీ అయ్యాకే పెడుతుందట. చదివింది శ్రీలేఖ. ఆపైన, తప్పును బయటపెట్టింది వినోద.

వినోద నేనే.

“నా పేరెందుకే అండ్ల? రేపేమన్న అయితే నా మీదికి రారా?”

“రేపేమన్న అయితే అడగనీకెనే పేరు పెట్టేది. పేరు లేనిదాన్ని ఎవల్ని అడుగుతరు?”

“నన్నడిగితే నేనేం జెప్త?”

“చుక్క పడలే అని చెప్పు. గంతే.”

ఇంత చేసినా ఆమె పని అయిపోయిందనలేదు. కొత్తరాత వేసిన డబ్బాలన్నిటినీ ఆ టకటక సాధనానికి తగిలించి వారమన్నా నడపాలంది. లోపల తాళాలను కనిపెట్టుకునే కాపలాలన్నీ ఆన్ చేసి, డబ్బాలను ఎండలో పెట్టి, కావాలనే బ్యాటరీ జవాబు రాకుండా చేసి చూడాలంది. ఎన్ని రకాలుగా చెడిపోవచ్చో అన్ని రకాలుగా తానే చెడగొట్టి చూస్తానంది. వింటుంటే నా నోట్లో మాటలు ఆమె నోట్లో విన్నట్టుంది. నేనైతే ఇట్లయితే ఎట్లా అని ఏడ్చి ఊరుకుంటాను. ఆమె ఇట్లయితే ఎట్లో చేసి చూస్తుంది.

కాని వారం ఎక్కడిది? కంపెనీ ఓనరు వెంకటేశ్వరరావు సారు వచ్చే ఆదివారం మరునాడే డబ్బాలు ఆస్పత్రులకు పంపుతానని ముందే మాటిచ్చేశాడు. ఆయన మాకు కొత్త కాదు. ప్రతి ఆదివారం మా ఆయన దగ్గర కొర్రమీను కొంటాడు, బేరం చేయడు. రోజాకు ఆ కంపెనీలో పని దొరికిందీ ఆ పరిచయంతోనే. ఓదెలుకు ఆయన మాటంటే మాటే.

రోజా ఆయనతో ఫోనులో మాట్లాడేటప్పుడు ఓదెలు, నేను అక్కడే ఉన్నాం.

“వారం కుదరదమ్మా” అన్నాడు సారు. “అయినా ఇది ఆఫీసులో ఎప్పుడూ రాలేదు. మీ ఇంట్లో సాకెట్టు పాడైంది, అంతేగా. పోనీ నీకంత అనుమానంగా ఉంటే ఆ రెండింటి మధ్య చిన్న ఆలస్యం పెట్టెయ్యి. కన్ను మూసి తెరిచేంత. పాత రాత మీదే వెళ్లిపోతుంది, తప్పు కనబడదు.”

“కనబడదు సార్. ఉంటుంది. ఇప్పుడు రప్పిస్తే వచ్చేది అప్పుడు ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఎప్పుడో వచ్చేదాన్ని ఎవరమూ పట్టుకోలేం.”

“నీ పేరు పెట్టి ఇవాళ పంపు. మిగతాది తర్వాత సరిచేద్దాం.”

“నా పేరు పెట్టను సార్.”

“రాసింది నువ్వు. నీ పేరు లేకుండా మార్పు లోపలికి పోదు. ఆ రూలు పెట్టింది నేనే.”

“మంచి రూలు సార్” అంది రోజా.

ఆయన ఫోను పెట్టేశాడు. రెండు రోజుల్లో ఆలోచించుకుని చెప్పమని, లేకపోతే ఇంకో దారి చూసుకోవాల్సి వస్తుందని తర్వాత మెసేజి వచ్చింది. ఇంకో దారి ఎవరికో నాకు అర్థమయ్యింది.

ఓదెలు చేతిలో వల కింద పెట్టాడు. “నౌకరి ఇచ్చినోడు చెప్పినప్పుడు ఇనాలె. పేరు పెట్టనీకె నొస్తదా? ఊరంత చెప్పుకున్న, నా బిడ్డ జేసిన మెషీన్ దవఖాన్లకు పోతదని. ఇప్పుడు ఏం మొఖం పెట్టుకొని తిరగాలె?”

“నాయినా, అది పోతది. మంచిగైనంక పోతది.”

ఆయన వల తీసుకుని బయటికి పోయాడు. ఆ రోజు నుంచి బిడ్డతో మాట్లాడటం మానేశాడు. అన్నం తినమనాలన్నా నా ద్వారానే. చెరువులో నీళ్లు వెనక్కి పోయి పెద్ద వలలు లాగే రోజులవి. పొద్దున్నే పోయి చేపలతో వచ్చేవాడు, బిడ్డ పక్కనుంచే నడిచి లోపలికి పోయేవాడు.

నాకైతే బిడ్డ నౌకరీ మీదే భయం. ఇల్లు ఆమె జీతం మీదనే నడుస్తోంది. “ఒక్క పేరే గదా బిడ్డా” అందామని నోటి దాకా వచ్చేది. అంటానని ఓదెలుకు మాట కూడా ఇచ్చాను.

*

అనకముందే మా అత్త పడిపోయింది.

మల్లెచెట్టుకు నీళ్లు పోస్తానని మిట్టమధ్యాహ్నం బయటికి పోయింది, గడప దగ్గర కూలిపోయింది. వడదెబ్బ. ఆటోలో మేడ్చల్ తీసుకుపోయాం. ఆస్పత్రిలో పడుకోబెట్టి సెలైన్ పెట్టారు. మంచం పక్కన ఒక మెషీన్. వేరే కంపెనీది, రంగు కూడా వేరు. కాని అదే చక్రం, అవే అంకెలు.

నేను స్టూలు లాక్కుని చుక్కల గొట్టం ముందు కూర్చున్నాను. అంకెలు చూడలేదు. చుక్క పడుతోందా లేదా, అదే చూశాను.

నర్సమ్మ ఒకసారి వచ్చి, “మెషీనే చూసుకుంటదమ్మా, నువ్వు పోయి జర నీళ్లు తాగు” అంది.

“మెషీన్ సంగతి నాకు ఎర్కనే తల్లీ” అన్నాను.

మా అత్త కళ్లు తెరవకుండానే గొణిగింది. “దానికి చెప్పకు బిడ్డా. నేను చస్తనో బతుకుతనో ఆ చుక్కల్ల సూస్తాంది.”

పొద్దు వాలుతుండగా కరెంటు పోయింది. ఫ్యాను నిలిచింది. మెషీన్ కుయ్‌మంది. కరెంటు వెంటనే వచ్చింది, మళ్లీ పోయింది. ఎక్కడో దూరంగా జనరేటరు అందుకుంది. నేను గొట్టం దగ్గరికి వంగి చూశాను. చుక్క పడింది. ఆగి, ఇంకొకటి పడింది.

అప్పుడు ఓదెలు మంచం అవతలి నుంచి లేచాడు. గోడ దగ్గరికి నడిచి, వంగి, మెషీన్ ప్లగ్గును చూశాడు. నేనూ చూశాను. సాకెట్టు వదులుగా ఉంది. ప్లగ్గు నిలవడానికి ఎవరో మందుల డబ్బా అట్ట చింపి, మడతపెట్టి పక్కన దోపారు.

చీపురు పట్టుకుని ఆయమ్మ ఒకామె అటు వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. సీసా అయిపోయి నర్సమ్మ వచ్చి తీసేదాకా ఆ ప్లగ్గు పక్కనే, గోడకు ఆనకుండా, నిలబడ్డాడు.

మా అత్తను ఇంటికి తీసుకొస్తున్నప్పుడు ఆటోలో ఆయనతో అన్నాను. “బిడ్డకు నేను చెప్త అన్న గదా. చెప్ప.”

“ఏంది?”

“పేరు పెట్టుమని చెప్ప. నౌకరి పోతే శాపలు కోసుకొని బతుకుతం. నా భయం నాకు మస్తుగుంది, ఇంకొకరి తల్లి భయం గూడ మోయలేను.”

నా నోటి నుంచి అంత గట్టి మాట ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. ఆయన ఆటో బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి వచ్చాక కూడా బిడ్డతో మాట్లాడలేదు.

*

ఆదివారం పొద్దున సారే వచ్చాడు. చేపలకు కాదు. చంకలో లాప్‌టాప్ సంచి ఉంది. గౌరవంగా మా అత్త ఆరోగ్యం అడిగాడు, అరుగు మీద కుర్చీలో కూర్చున్నాడు. నేను చాయ్ పెట్టి తెచ్చి ఆయన ముందు స్టూలు మీద పెట్టాను. ఓదెలు గుమ్మం పక్కన గొంతు కూర్చున్నాడు. రోజా నిలబడే ఉంది. లోపల గదిలో టకటకమని సాధనం నడుస్తూనే ఉంది.

“రోజా, నేను కోపంతో రాలేదు” అన్నాడు సారు. “అడ్వాన్సు తీసుకున్నాను. రేపు డబ్బాలు పోకపోతే ఆర్డరు పోతుంది. ఆర్డరు పోతే మన దగ్గర పనిచేసే వాళ్ల ఇళ్లలో ఏం వండుకుంటారు? నా సంగతి వదిలెయ్, వాళ్ల సంగతి ఆలోచించు.”

ఆయన ముఖం చూస్తే నిజంగానే నిద్రపోయినట్టు లేదు. నాకు జాలేసింది కూడా.

“ఆలోచించాను సార్” అంది రోజా. “కొత్తరాత బాగానే నడుస్తోంది. వారం పూర్తయితే పేరు పెడతాను. నేను మొదట రాసినదాంట్లోనే శ్రీలేఖక్క ఇంకో తప్పు పట్టింది. ఆమె చదవకముందే పంపి ఉంటే ఆ తప్పుతో పోయేది. ఇప్పుడు కూడా నాకు తెలియనిది ఏముందో చూడకుండా ఎట్లా పంపను?”

“మీ ఇంటి సాకెట్టు కోసం కంపెనీ ఆగాలా?”

నేను కొంగు బిగించాను. పెద్దమనుషుల మధ్య మాట్లాడటం నాకు అలవాటు లేదు. “సారూ, దవఖాన్ల సాకెట్లు గూడ మా ఇంటి తీర్గనే ఉన్నయి. అట్ట ముక్క పెట్టిండ్రు. మొన్న కండ్లతోని సూసినం.”

ఆయన నా వైపు చూసి, లాప్‌టాప్ తెరిచి, రాత అడుగున వేలు పెట్టాడు. “ఇక్కడ తప్పు బయటపెట్టింది వినోద అని ఉంది. మన ఆఫీసులో వినోద ఎవరూ లేరే?”

“నేనే సారూ.”

“మీరా? మీరేం చూశారమ్మా?”

“చుక్క పడలే సారూ. అంకెలు పోయినయి, చుక్క పడలే.”

లోపలి నుంచి మా అత్త గొంతు వినబడింది. “కోడలు చుక్కల కాడ అబద్ధం చెప్పది.”

సారు పెదవుల మీద నవ్వు వచ్చి పోయింది. లాప్‌టాప్ మూశాడు. నుదురు రుద్దుకున్నాడు. ఇక ఆడవాళ్లతో లాభం లేదనుకున్నాడేమో, కుర్చీ కాస్త తిప్పుకుని గుమ్మం వైపు చూశాడు.

“ఓదెలు గారూ, ఇన్నేళ్ల పరిచయం మనది. మీ మాట అమ్మాయి కాదనదు. ఇవాళ పేరు పెట్టమని మీరొక్క మాట చెప్పండి. లేకపోతే రేపటి నుంచి రావద్దని నా నోటితో చెప్పించకండి.”

ఓదెలు తల వంచుకుని ఉన్నాడు. అరిచేతుల్లో వల తాళ్లు కోసిన గీతలను బొటనవేలితో రుద్దుకుంటున్నాడు. రోజా తండ్రి వైపు చూసింది. మాట్లాడని ఆ రోజులన్నీ కూడగట్టుకుని చూసిన చూపు అది. నా గుండె ఎప్పటిలాగే కీడెంచింది. ఇప్పుడు పెట్టమంటాడు, ఆమె పెట్టనంటుంది, ఇల్లు రెండు ముక్కలవుతుంది.

సారు ఎదురు చూశాడు. రాజీవ్ రహదారి మీద లారీ ఒకటి పోయిన చప్పుడు వినబడి, దూరమై, ఆగిపోయింది. చాయ్ మీద మీగడ కట్టింది. లోపల సాధనం టకటకా కొట్టుకుంటూనే ఉంది. దాని పక్కన చుక్క పడుతున్న చప్పుడు కూడా, చెవి పెట్టి వింటే, వినబడుతోంది.

ఓదెలు తలెత్తాడు. ముందు బిడ్డను చూశాడు, తర్వాత సారును.

“పెట్టది సారూ” అన్నాడు. “చాయ్ సల్లారుతాంది, తాగుర్రి.”